కట్టుబడిలో ఉన్న ఫ్లాటా, ఓసీ వచ్చిన ఫ్లాటా, రీసేలా? హైదరాబాద్‌లో కొనేవాళ్లకు ఎంపిక లెక్క

హైదరాబాద్‌లో 80 లక్షల బడ్జెట్ పెట్టుకుని ఫ్లాట్ కోసం తిరగడం మొదలుపెడితే చాలు, మూడు రకాల ఆఫర్లు ముందుకొస్తాయి. ఒకటి ఇంకా శ్లాబులు పడుతున్న ప్రాజెక్టు. రెండోది ఓసీ, అంటే కట్టడం పూర్తయింది, ఇక ఉండొచ్చని అనుమతి సంస్థ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చి, డబ్బు కట్టగానే తాళాలు ఇచ్చేది. మూడోది ఏడెనిమిదేళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్‌లో రీసేల్. ఎక్కువమంది ఈ మూడింటినీ అడుగు రేటుతో పోలుస్తారు. ఆ పోలిక తప్పుదారి పట్టిస్తుంది. గృహప్రవేశం రోజుకి మొత్తం ఎంత ఖర్చవుతుంది, ఆ ఆస్తికి ఇంకా ఏ కాగితం రావాల్సి ఉంది అన్నవే అసలు పోల్చాల్సినవి. తక్కువ రేటు అంటే చాలాసార్లు ఒక కాగితం ఇంకా రాలేదని అర్థం. అది వచ్చేదాకా రిస్కు బిల్డర్‌ది కాదు, మీది.

ముందు అడుగు రేటు సంగతి

మన దగ్గర రేటు చెప్పేది సూపర్ బిల్టప్ మీద. లాబీ, లిఫ్టు, మెట్లు, క్లబ్‌హౌస్‌లో మీ వాటా అన్నీ అందులోనే కలుస్తాయి. మీరు చాప వేసుకుని పడుకునే జాగా కార్పెట్ ఏరియా. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం ఫ్లాట్ లోపలి గోడలు అందులోకి వస్తాయి. బయటి గోడలు, బాల్కనీ, షాఫ్టులు రావు.

రెండు ఫ్లాట్లు తీసుకోండి. మొదటిది 1,500 అడుగులు, అడుగు 5,300 చొప్పున 79.5 లక్షలు, కార్పెట్ 1,020. రెండోది 1,400 అడుగులు, అడుగు 5,700 చొప్పున 79.8 లక్షలు, కార్పెట్ 1,064. బ్రోచర్‌లో మొదటిది పెద్దదీ, చవకదీ. కార్పెట్ మీద లెక్కిస్తే మొదటిది అడుగు 7,794 రూపాయలు, రెండోది 7,500. అంటే రెండోదే పెద్దది, రెండోదే చవక. కార్పెట్ ఏరియా నోటిమాటగా కాదు, అగ్రిమెంట్‌లో అంకెగా ఉండాలి. రీసేల్ ఫ్లాట్ అయితే టేపు పట్టుకెళ్లి గదిగదీ కొలుచుకోండి, గంట కూడా పట్టదు.

దీంతోపాటే యూడీఎస్ అడగండి. భూమిలో మీ పేరున రిజిస్టర్ అయ్యే అవిభాజ్య వాటా అది. 1,000 గజాల్లో 20 సమానమైన ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్‌లో ఒక్కో ఫ్లాటుకి 50 గజాలు వస్తుంది. ఐదెకరాల్లో, అంటే 24,200 గజాల్లో, 700 ఫ్లాట్లు లేపిన టవర్లలో సగటున 35 గజాల లోపే. కట్టడం విలువ ఏటా తగ్గుతుంది, పెరిగేది నేల విలువ. పాతికేళ్ల తర్వాత పడగొట్టి మళ్లీ కట్టే మాట వస్తే చేతికొచ్చేది యూడీఎస్ లెక్కనే.

కట్టుబడిలో ఉన్నదానికీ రెడీగా ఉన్నదానికీ తేడా ఎంత?

80 లక్షల ఫ్లాటే రెండు రకాలుగా దొరుకుతోందనుకోండి. కట్టుబడిలో ఉన్నదానికి 5 శాతం జీఎస్టీ, అంటే 4 లక్షలు. 45 లక్షల లోపు ధర ఉండి, హైదరాబాద్ లాంటి మెట్రోలో కార్పెట్ 60 చదరపు మీటర్లు దాటకపోతే 1 శాతమే. ఓసీ వచ్చాక బిల్డర్ అమ్మేదానికి జీఎస్టీ లేదు, రీసేల్‌కి ఎలాగూ లేదు. రిజిస్ట్రేషన్ ఖర్చు మూడింటికీ ఒకటే: తెలంగాణలో స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో విడివిడిగా 5, 1.5, 1, మొత్తం అదే. 80 లక్షల మీద 6 లక్షలు.

ఇప్పుడు ఎదురుచూసే కాలం. లోన్ 64 లక్షలు, వడ్డీ 8.5 శాతం, తాళాలకి ఇంకా 30 నెలలు, ఇప్పుడున్న ఇంటి అద్దె 22,000 అనుకుందాం. కట్టుబడిలో ఉన్నదైతే లోన్ విడతలుగా విడుదలవుతుంది. సగటున సగం మీద వడ్డీ వేసుకుంటే 30 నెలలకి 6.8 లక్షలు, అద్దె 6.6 లక్షలు, కలిపి 13.4 లక్షలు. రెడీ ఫ్లాట్‌లో అద్దె ఉండదు కానీ మొదటి నెల నుంచే మొత్తం లోన్ మీద వడ్డీ, 30 నెలలకి 13.6 లక్షలు. రెండూ దాదాపు సమానం. అంటే అద్దె, వడ్డీ రెండూ నెత్తిన పడతాయన్న భయం సగమే నిజం. తేల్చేది జీఎస్టీ 4 లక్షలు, ఆపైన ఆలస్యం. ఆలస్యమైన ప్రతి నెలా అద్దె అదనం. ఏడాది ఆలస్యమైతే 2.64 లక్షలు. ఏడాది ఆలస్యాన్ని ముందే లెక్కలో వేసుకోవడం తెలివైన పని. మొత్తం 6.64 లక్షలు, ధరలో 8 శాతం.

మా సలహా ఇదీ: ఒకే ఏరియాలో, ఒకే స్థాయి ఫ్లాటుకి రెడీగా ఉన్నదాని రేటు 8 శాతం లోపే ఎక్కువైతే మరో ఆలోచన లేకుండా రెడీదే తీసుకోండి. 15 శాతం, అంతకు మించి తేడా ఉంటే కట్టుబడిలో ఉన్నదాన్ని పరిశీలించవచ్చు, కింద చెప్పిన కాగితాలన్నీ సరిపోతేనే. మధ్యలో ఉంటే బిల్డర్ గత ప్రాజెక్టులు రెండు చూసి, వాటిలో ఉంటున్నవాళ్లని ఓసీ ఎప్పుడొచ్చింది, తాళాలు ఎప్పుడిచ్చారు అని అడిగి తేల్చుకోండి.

పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఇంకో మాట. సొంతంగా ఉండే ఇంటి వడ్డీ మీద 2 లక్షల మినహాయింపు ఇల్లు పూర్తయిన ఆర్థిక సంవత్సరం నుంచే మొదలవుతుంది. అంతకు ముందు కట్టిన వడ్డీని ఐదు సమాన భాగాలుగా, అదే 2 లక్షల పరిమితిలో చూపుకోవాలి. లోన్ తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదేళ్లలో కట్టుబడి పూర్తి కాకపోతే ఆ 2 లక్షలు కాస్తా 30 వేలకి పడిపోతుంది.

కట్టుబడిలో ఉన్నది తీసుకుంటే

రెరా నంబరుతో మొదలుపెట్టండి. తెలంగాణలో ప్రాజెక్టు నంబరు 'పీ' అక్షరంతో మొదలవుతుంది, ఏజెంటు నంబరు 'ఏ'తో. హోర్డింగ్ మీద ఏజెంటు నంబరు వేసి ప్రాజెక్టుకి రెరా ఉందనేవాళ్లున్నారు, ఆ మొదటి అక్షరం చూడండి. రెరా వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే సాంక్షన్ ప్లాను, పూర్తి చేస్తామన్న తేదీ, మూడు నెలలకోసారి ఇవ్వాల్సిన వివరాలు కనబడాలి. సేల్స్ ఆఫీసులో చెప్పిన తేదీ కాదు, అక్కడున్న తేదీయే లెక్క.

500 చదరపు మీటర్ల లోపు స్థలంలో కట్టేవాటికీ, ఎనిమిది ఫ్లాట్లు దాటనివాటికీ రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 500 మీటర్లంటే దాదాపు 598 గజాలు. కాలనీల్లో 300, 400 గజాల్లో లేచే అపార్ట్‌మెంట్లు చాలావరకు ఈ కోవలోవే. చెడ్డవని కాదు, ఆ ఒక్క రక్షణ ఉండదు. అలాంటివి ఓసీ వచ్చాకే తీసుకోవడం మేలు.

ఇక చాలామంది వదిలేసే రెండు కాగితాలు. మొదటిది తనఖా. అపార్ట్‌మెంట్ కట్టేటప్పుడు బిల్డర్ నిబంధనలు మీరకుండా, మొత్తం బిల్టప్‌లో 10 శాతం ఏరియాని అనుమతి ఇచ్చిన సంస్థకి హామీగా పెట్టాలి. ఓసీ వచ్చాకే అది విడుదలవుతుంది. ఆ ఫ్లాట్లు సాధారణంగా కింది అంతస్తుల్లో ఉంటాయి. మీకు చూపిస్తున్నది అందులో ఉందేమో అనుమతి పత్రంలో, ఈసీలో (ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూసుకోండి. ఉంటే ఓసీ దాకా దాని మీద రిజిస్ట్రేషన్ మాట ఎత్తకూడదు.

రెండోది, స్థలం యజమానికీ బిల్డర్‌కీ మధ్య జరిగిన డెవలప్‌మెంట్ అగ్రిమెంట్. అది ఉంటే దాని వెనకాల ఏ ఫ్లాట్ ఎవరి వాటాకి వచ్చిందో రాసుకున్న సప్లిమెంటరీ అగ్రిమెంట్ కూడా ఉండాలి. మీరు కొంటున్న ఫ్లాట్ నంబరు అమ్ముతున్నవాళ్ల జాబితాలో ఉందా? ఓనర్ వాటాలోని ఫ్లాటుని బిల్డర్ అమ్మేయడం, ఇద్దరికీ గొడవొచ్చి కొన్నవాళ్లు మధ్యలో నలిగిపోవడం ఇక్కడే మొదలవుతుంది. ఓనర్ వాటా ఫ్లాట్లు కొన్నిసార్లు కాస్త తక్కువకి దొరుకుతాయి, తీసుకోవచ్చు కూడా. కారు పార్కింగ్, క్లబ్‌హౌస్ సభ్యత్వం, కార్పస్ (అపార్ట్‌మెంట్ ఉమ్మడి నిధి) ఎవరు కడతారన్నది అగ్రిమెంట్‌లో రాయించుకోండి, అంతే.

రిజిస్టర్డ్ అగ్రిమెంట్ ఆఫ్ సేల్ లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డర్‌కి లేదు. కొన్నవాళ్ల దగ్గర వసూలైనదాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి, కాబట్టి చెక్కులు ఆ ఖాతా పేరునే ఇవ్వండి. బిల్డర్ వేరే కంపెనీ పేరు చెబితే ఆగిపోండి. విడతలు శ్లాబులతో ముడిపడి ఉండాలి. శ్లాబులన్నీ పడేసరికే 90 శాతం లాగేసే షెడ్యూలు ఒప్పుకోకండి. అస్థిపంజరం లేపడం తేలిక, ఆగిపోయేది ఫినిషింగ్ దగ్గర. పెయింటింగ్, లిఫ్టు, నీటి కనెక్షన్, ఓసీ దశలకి కనీసం 20 శాతం మిగలాలి. తేదీ దాటితే రెరా నిబంధనల ప్రకారం ఎస్‌బీఐ అత్యధిక ఎంసీఎల్ఆర్‌కి (లోన్లకి బ్యాంకు ఆధారంగా పెట్టుకునే వడ్డీ రేటు) 2 శాతం కలిపిన వడ్డీ మీకు రావాలి. దాని బదులు అడుగుకి నెలకి ఐదు రూపాయల పరిహారం అని అగ్రిమెంట్‌లో చిన్న అక్షరాల్లో ఉంటే సంతకానికి ముందే కొట్టేయించండి. తాళాలు ఇచ్చాక ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డర్ తన ఖర్చుతో సరిచేయాలి.

ప్రీలాంచ్ గురించి పోలిక కూడా అనవసరం. అనుమతులూ రెరా రిజిస్ట్రేషనూ లేకముందే సగం ధరకి ఇస్తాం, మొత్తం ఒకేసారి కట్టండి, యూడీఎస్ రిజిస్టర్ చేస్తాం అంటారు. మీ చేతికొచ్చేది ఎక్కడుందో గీత గీసి చూపలేని కొన్ని గజాల నేల. ప్లాను రాకపోతే ఫ్లాట్ లేదు, ఆ గజాలని అమ్ముకోవడానికి ఇంకెవరూ దొరకరు. బ్యాంకు కూడా లోన్ ఇవ్వదు, హెచ్చరికగా ఆ ఒక్కటీ చాలు. రెరా నంబరు రాకముందు ప్రకటన ఇవ్వడమే చట్టవిరుద్ధం. వద్దు.

ఓసీ ఉన్న కొత్త ఫ్లాట్

ఇక్కడ చూడాల్సింది తక్కువ. 'ఓసీకి అప్లై చేశాం' అంటే ఓసీ లేదనే. టవర్లు ఎక్కువున్న చోట ఓసీ మీ బ్లాకుకి వచ్చిందో లేదో చదవండి. ఓసీలోని అంతస్తుల సంఖ్యనీ కళ్లముందు కనిపిస్తున్న అంతస్తులనీ లెక్కపెట్టి పోల్చండి. స్టిల్ట్ (కింద పార్కింగ్ అంతస్తు) ప్లస్ ఐదుకి అనుమతి తెచ్చుకుని పైన పెంట్‌హౌస్ కట్టి అమ్మడం మన ఊళ్లో మామూలైపోయింది. ఆ పెంట్‌హౌస్‌కి బ్యాంకు లోన్ రాదు, రేపు అమ్మబోతే కొనేవాడికీ రాదు. అనుమతి లేని కట్టడాలని క్రమబద్ధీకరించే పథకం బీఆర్ఎస్‌కి దరఖాస్తు చేసిన రసీదు చూపిస్తే అది దరఖాస్తే, క్రమబద్ధీకరణ కాదు. ప్లాట్ల విషయంలో ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) రసీదూ అంతే, క్రమబద్ధీకరించినట్టు ప్రొసీడింగ్స్ కాపీ ఉండాలి.

చెరువు దగ్గర ప్రాజెక్టు అయితే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు), బఫర్ (దాని చుట్టూ కట్టకూడని మేర) మ్యాపులు చూడాలి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకి ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా ఏర్పడ్డాక ఈ గీతలకి ఎంత బరువుందో ఊరంతా చూసింది. 'లేక్ వ్యూ' అని బోర్డు ఉన్నచోట ఈ పరిశీలన రెండింతలు అవసరం.

రీసేల్: ఎక్కువ తిరగాలి, ఎక్కువ మిగులుతుంది

మామూలు ఉద్యోగస్తుల కుటుంబానికి ఐదు నుంచి పన్నెండేళ్ల వయసున్న అపార్ట్‌మెంట్ మంచి బేరం అన్నది మా అభిప్రాయం. ఇరుగుపొరుగు ఎవరో, నీళ్లెలా వస్తాయో, లీకేజీ ఎక్కడో అన్నీ అప్పటికే బయటపడి ఉంటాయి. చూడటం తెలియాలి.

ముందు ఇంట్లోకి కాదు, స్టిల్ట్ పార్కింగ్‌లోకి వెళ్లండి. పిల్లర్ల అడుగు భాగం, శ్లాబు కింది వైపు టార్చి వేసి చూడండి. కడ్డీ వెంట తిన్నగా పగులు, దాని మీద తుప్పు రంగు గీత, పెచ్చులూడిన చోట్లు ఉన్నాయంటే నీరు లోపలికి చేరి కడ్డీ తుప్పు పడుతోందని. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి పైనున్న కాంక్రీటుని లోపలి నుంచే పగలగొడుతుంది. పైన సిమెంటు పూసి రంగేస్తే ఆగేది కాదు. ఒకటి రెండు చోట్లయితే స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించండి, చాలా పిల్లర్లకి ఉంటే వదిలేయండి.

తర్వాత బాత్రూములు. మీ బాత్రూము లీకవుతోందా అన్నది కింది ఫ్లాటువాళ్ల సీలింగు చెబుతుంది, పైవాళ్లది లీకవుతోందా అన్నది మీ సీలింగు. కింది ఇంటి తలుపు తట్టి మర్యాదగా అడిగితే చూపిస్తారు. బేరం దాదాపు కుదిరిందనుకున్నప్పుడు ఓనర్ ఒప్పుకుంటే నహానీ ట్రాపుని (నీళ్లు పోయే రంధ్రం) గుడ్డతో మూసి అంగుళం ఎత్తు నీళ్లు నింపి ఒక రోజు ఉంచండి. కింద చెమ్మ దిగితే టైల్స్ లేపి వాటర్‌ప్రూఫింగ్ చేయాలి, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. నాణెంతో టైల్స్ మీద కొట్టినప్పుడు బోలుగా మోగితే కింద సిమెంటు పట్టలేదని. ఒక్క గోడకే కొత్త రంగు ఉంటే ఎందుకని అడగండి. మెయిన్ బోర్డు తెరిచి ఏసీకి, గీజరుకి విడివిడి ఎంసీబీలు, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

అసోసియేషన్ దగ్గర మూడు అడగాలి: ఏప్రిల్, మే నెలల ట్యాంకర్ బిల్లులు, కార్పస్‌లో మిగిలిన డబ్బు, ఈ ఫ్లాటు మీద బకాయిలు. ఎండాకాలం ట్యాంకర్ల మీద నడిచే అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ ఎంతో ఆ బిల్లులే చెబుతాయి. బకాయి లేదన్న లెటరు రిజిస్ట్రేషన్‌కి ముందే చేతికి రావాలి.

కాగితాల్లో లింకు డాక్యుమెంట్లు ప్రాణం. స్థలం మొదటి యజమాని నుంచి ఇప్పటి ఓనర్ దాకా గొలుసు తెగకుండా ఉండాలి. 30 ఏళ్ల ఈసీ తీయండి. డాక్యుమెంట్ నంబరుతో ఒకసారి, ఇంటి నంబరు, సర్వే నంబరుతో మరోసారి వెతకాలి, ఎందుకంటే ఇంటి నంబర్లు మారుతుంటాయి, ఒక వెతుకులాటలో దొరకనిది రెండోదాంట్లో బయటపడుతుంది. 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో, ఆ సర్వే నంబరు ఉందేమో చూడండి. ఈసీలో కనబడేవి రిజిస్టర్ అయిన లావాదేవీలే. కోర్టు కేసులు, రిజిస్టర్ చేయని అగ్రిమెంట్లు, ఇంట్లో నోటిమాటగా జరిగిన పంపకాలు అందులో ఉండవు. గొలుసులో ఎవరైనా వీలునామా రాయకుండా చనిపోయి ఉంటే వారసులందరి సంతకాలూ కావాలి, పెళ్లయి వెళ్లిపోయిన ఆడబిడ్డలవీ కూడా. 'కట్నం ఇచ్చి పంపేశాం' అన్నది హక్కు వదులుకున్నట్టు కాదు, రిజిస్టర్ అయిన రిలీజ్ డీడ్ ఉండాలి. ఫ్లాట్ల తగాదాల్లో ఎప్పటికీ తెగనివి ఇవే. నోటరీ కాగితాల మీద చేతులు మారిన ఇల్లయితే ఎంత చవకైనా వద్దు.

అమ్మేవాళ్లకి ఆ ఫ్లాటు మీద లోన్ ఉంటే భయపడక్కర్లేదు, వరస తప్పకుండా చేయాలి. వాళ్ల బ్యాంకు నుంచి డాక్యుమెంట్ల జాబితా, బాకీ ఎంతో చూపే స్టేట్‌మెంట్ తెప్పించండి. అగ్రిమెంట్ రాసుకోండి. మీ బ్యాంకు లీగల్, వాల్యుయేషన్ చేసి లోన్ మంజూరు చేశాక, మొదటి డీడీ అమ్మేవాళ్ల చేతికి కాదు, వాళ్ల లోన్ ఖాతాకే వెళ్లాలి. లోన్ మూసిన 30 రోజుల్లో అసలు కాగితాలు తిరిగి ఇవ్వాలని, ఆలస్యమైతే రోజుకి 5,000 చెల్లించాలని ఆర్‌బీఐ ఆదేశం 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. ఈసీలో కనబడే పాత తనఖాకి రిలీజ్ కూడా రిజిస్టర్ చేయించాలి. ఇద్దరిదీ ఒకే బ్యాంకయితే పని సగం తగ్గుతుంది.

ధర 50 లక్షలు, అంతకు మించితే మీరే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల తరఫున ముందే కోసే పన్ను) కోసి ఆన్‌లైన్‌లో కట్టి, మిగతాదే అమ్మేవాళ్లకి ఇవ్వాలి. అమ్మేవాళ్లు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటున్న ఎన్నారైలైతే ఈ 1 శాతం వర్తించదు. రెండేళ్లకి మించి వాళ్ల చేతిలో ఉన్న ఆస్తి అయితే 12.5 శాతం, పైన సర్‌ఛార్జ్, సెస్ కోయాలి. వాళ్లు ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకి సర్టిఫికెట్ తెచ్చుకుంటే అందులో ఉన్నంతే. ఇది తెలియక 1 శాతమే కోస్తే మిగతా పన్ను మీ నెత్తిన పడుతుంది. అందుకే మొదటి మాటల్లోనే పాస్‌పోర్టు, నివాసం సంగతి అడగండి.

కొంత నగదుగా ఇమ్మంటే ఒప్పుకోవద్దు. స్థిరాస్తికి 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నవాళ్లకి అంతే మొత్తం జరిమానా. మీకు అసలు నష్టం ఇంకోటి: డాక్యుమెంట్‌లో ధర తగ్గితే లోన్ తగ్గుతుంది, రేపు మీరు అమ్మినప్పుడు లాభం ఎక్కువ కనబడి పన్ను పెరుగుతుంది.

ఎవరికి ఏది?

చేతిలో ఎంత ఉందో ముందు తేల్చుకోండి. 30 నుంచి 75 లక్షల మధ్య లోన్‌కి బ్యాంకు ఆస్తి విలువలో 80 శాతం దాకానే ఇవ్వగలదు, రిజిస్ట్రేషన్ ఖర్చు అందులో కలవదు. 80 లక్షల ఫ్లాటుకి 64 లక్షల లోన్ పోను 16 లక్షలు, రిజిస్ట్రేషన్ 6, మొత్తం 22 లక్షలు చేతిలో ఉండాలి. కట్టుబడిలో ఉన్నదైతే జీఎస్టీతో 26. పైన కప్‌బోర్డులు, మాడ్యులర్ కిచెన్. రీసేల్‌లో ఇవి చాలావరకు ఉన్నవే దొరుకుతాయి. 64 లక్షలకి 20 ఏళ్ల మీద ఈఎంఐ 55,500 పైమాటే.

అద్దె కడుతూ, పిల్లల స్కూలు మార్చలేక, నెల జీతం మీద బతికేవాళ్లు ముందు రీసేల్, తర్వాత ఓసీ ఉన్న కొత్తది చూడాలి. సొంతింట్లోనో అమ్మానాన్నల దగ్గరో ఉంటూ, రెండు మూడేళ్లు ఆగగలిగినవాళ్లకి కట్టుబడిలో ఉన్నది నప్పుతుంది. ఆలస్యమైనా వాళ్ల మీద అద్దె భారం పడదు. విదేశాల్లో ఉన్నవాళ్లు కట్టుబడి ప్రాజెక్టుకి దూరం నుంచి కాపలా కాయలేరు, ఓసీ ఉన్నదే మేలు. ఇక్కడి వాళ్లకి ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ ఆ ఒక్క ఆస్తికి, ఆ ఒక్క పనికే పరిమితం చేసి, భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపండి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. ఎన్నారైలు వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనకూడదు, ఫామ్ ప్లాట్ల ప్రకటనలు వాళ్లకోసం కావు.

ప్లాటు కొని కట్టుకోవాలనుకునేవాళ్లకి నేల పూర్తిగా మీదవుతుంది కానీ ప్లాటు డబ్బు, కట్టుబడి డబ్బు రెండూ దగ్గర దగ్గర కావాలి. లేఅవుట్‌లో సౌకర్యాలు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు లేఅవుట్‌కి అనుమతిచ్చే హెచ్ఎండీఏకో డీటీసీపీకో తనఖాలో ఉంటాయి. మీ ప్లాటు నంబరు అందులో లేదని ఫైనల్ లేఅవుట్ కాపీ చూసి నిర్ధారించుకోండి.

ఏది ఎంచుకున్నా టోకెన్‌కి ముందు కాగితాల జిరాక్సులు మీ సొంత లాయరుకి ఇవ్వండి. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు కోసం. టోకెన్ బ్యాంకు ఖాతా ద్వారానే ఇచ్చి, రసీదులో ఒక వాక్యం రాయించుకోండి: లీగల్ పరిశీలనలో హక్కు లోపం బయటపడినా, ఆ లోపం వల్ల బ్యాంకు లోన్ తిరస్కరించినా 15 రోజుల్లో టోకెన్ మొత్తం తిరిగి ఇవ్వాలి. ఆ వాక్యం రాయడానికి ఒప్పుకోకపోతే టోకెన్ ఇవ్వకండి.